రెండో గిన్నె

నాలుగో రోజు కూడా పళ్లెం పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. అన్నం మీద చెంచా ఆనిన గుర్తే లేదు. ఊరవేసిన ముల్లంగి కిమ్చీ నీళ్లలో ఈగ ఒకటి పడి తేలుతోంది.

జిగోకమ్మ ఆ ఈగను వేలితో తీసి పెరట్లోకి విసిరింది. ముప్పై ఆరేళ్ల కిందట జిగోక్ అనే ఊరి నుంచి ఈ గ్వాక్ వారింటికి కోడలిగా వచ్చింది కనుక ఊళ్లో అందరికీ ఆమె జిగోకమ్మే. సొంత పేరంటూ పుట్టింట్లో ఏదో ఉండేది. ఏదో పువ్వు పేరు. అది పిలిచినవాళ్లందరూ పోయారు.

వసారాలో కొడుకు మున్‌హా కాళ్లకు చుట్టుకున్న ఖాకీ పట్టీలు విప్పుకుంటున్నాడు. తలకు రాసుకున్న నూనె వాసన వంటింటి గుమ్మం దాకా కొడుతోంది. మధ్యాహ్నపు ఎండకి ఆ నూనె కరిగి చెవుల మీదికి దిగింది. చూడలేక ఆమె మొహం తిప్పేసుకుంది.

"నాన్నగారు తిన్నారా?"

"తింటే పళ్లెం ఇంత బరువుంటుందా?"

"రేపు పొద్దున్నే నాయనమ్మ ఏడాది కర్మ. చుట్టాలంతా వస్తారు. నాలుగు రోజులుగా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ లేని మనిషి ఎలా నిలబడతారమ్మా?"

"ఆ మాట నీ కచేరీలో అడుగు. తిండి మాన్పించింది వాళ్లూ నువ్వూ కలిసే కదా."

మున్‌హా పట్టీ చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. దేశాన్నేలే జపాను వాళ్ల కచేరీలో గుమాస్తా వాడు. ఫిబ్రవరి నుంచీ వాడి పని ఒక్కటే, ఇల్లిల్లూ తిరిగి జనం చేత ఇంటిపేర్లు మార్పించి జపాను పేర్లు పెట్టించడం. అరవై గడపల ఊళ్లో యాభై గడపలు ఒప్పుకున్నాయి. మిగిలినవాటిలో మొదటిది వాడి సొంత గడప.

"అమ్మా, దరఖాస్తు మీద ఒక్క ముద్ర. వేలెడంత కర్రముక్క. ఎక్కడ దాచావో చెప్పు."

"ఏ ముద్ర?"

"నటించకు. నాన్నగారు నీ చేతికే ఇచ్చారు."

"ఇచ్చారు. మింగేశాను. పొట్ట కోసి తీసుకో."

"పోనీ పేరన్నా విను. మత్సుయామా. దేవదారు కొండ అని అర్థం. మన వెనక కొండ మీద అన్నీ దేవదార్లే కదా, తాతముత్తాతలందరూ వాటి కిందే పడుకున్నారు. వాళ్ల నీడ పోకూడదనే ఆ పేరు ఏరాను. ఎన్ని రాత్రులు ఆలోచించానో నీకేం తెలుసు?"

"ఆ కొండ కన్నదా నిన్ను? నేను కన్నాను. మీ నాన్నగారికి కన్నాను. గ్వాక్ కొడుకుని కన్నాను."

"పెద్దగుమాస్తా రోజూ పదిమందిలో అడుగుతున్నాడమ్మా. 'ఏవయ్యా, నీ ఇల్లు ఏ దేశంలో ఉంది?' అంటాడు. సెలవులయ్యాక కొత్త పేరు లేకుండా ఓక్‌డాన్‌ని బడికి పంపొద్దన్నారు. నీ మనవరాలు, ఎనిమిదేళ్ల పిల్ల, దాన్ని వాకిట్లోంచి తిప్పి పంపుతారట."

"పంపకు. చదువుకుని అదీ నీలా తయారవ్వాలా? పొద్దున్న లేచి తూర్పుకేసి వంగి, ఆ చక్రవర్తి ఎవడికో దణ్ణం పెట్టి, ఆ నోటితోనే ఇంటికొచ్చి అన్నం తినాలా?"

వాడి తల మీదుగా గుమ్మం పైన మేకు కనిపిస్తోంది. పోయిన వసంతంలో కచేరీ వాళ్లు ఇంటింటికీ పంచిన జపాను దేవుడి పెట్టెని వాడే అక్కడ తగిలించాడు. మర్నాటికల్లా పెట్టె కట్టెల గదిలోకి పోయింది. ఆ మేకుకి ఇప్పుడు వెల్లుల్లి జడలు వేలాడుతున్నాయి. మేకు ఎందుకు పాడు చెయ్యడం అంది జిగోకమ్మ.

కర్మకి నైవేద్యంగా పై అధికారి పంపిన జపాను సారా సీసా గతీ అంతే. మూత తీసి వాసన చూసి పంది కుండలో పోసింది. పంది కూడా ముట్టుకోలేదని కోడలితో చెప్పి నవ్వింది కూడా. ఇంట్లో కాచుకోవడం నేరమైనా సరే, అత్తగారికి పెట్టే సారా తన చేత్తో కాచిందే కావాలి. ఆ జాడీ దేవదారు కొమ్మల కింద దాగుంది.

మున్‌హా చుట్టిన పట్టీని విప్పి మళ్లీ చుట్టాడు. చివరికి వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది.

"సరేనమ్మా. నాన్నగారికి ఏమన్నా అయితే ఊరు నా మొహాన ఉమ్మేస్తుంది. ముద్రా వద్దు, ఏమీ వద్దు. ఎల్లుండి పదో తారీకుతో గడువు అయిపోతుంది. తర్వాత కచేరీ వాళ్లే ఇంటి మనుషుల పట్టీలో రాసేసుకుంటారు. ఉన్న పేరే రాస్తారు. గ్వాక్ అనే. చాలా?"

"ఆ మాట నాలుగు రోజుల కిందట అని ఏడవలేకపోయావా!"

ఆమె అప్పుడే లేచింది. పొయ్యి మీద గంజి సిద్ధంగానే ఉంది. మనిషి లొంగడని తెలిసీ రోజూ కాస్తూనే ఉంది మరి.

*

ముందు గదిలో పెద్దాయన జనపనార బట్టల్లో, నడుముకి గడ్డితాడు కట్టుకుని, తల్లి పోయిన దుఃఖంలో ఉన్న కొడుకు ఎలా ఉండాలో అలా కూర్చుని ఉన్నాడు. ఏడాదిగా గడప దాటలేదు. చెంపలు లోపలికి పోయాయి. గడ్డం మాత్రం దువ్వుకున్నాడు.

"వాడు దిగొచ్చాడు," అంది జిగోకమ్మ గంజి ముందు పెట్టి. "ముద్ర అడగనన్నాడు. గ్వాక్ అనే ఉంటుందట."

ఆయన కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. చెంచా అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాక గొంతు తిరిగొచ్చింది, గొంతుతోపాటు ఉపన్యాసమూ వచ్చింది.

"ఇంటిపేరంటే చొక్కా అనుకున్నాడు వెధవ. చెమట పట్టింది, మార్చుకుందాం అనడానికి. అది ఎముక. చొక్కా పోతే మనిషికి సిగ్గు పోతుంది. ఎముక పోతే మనిషే లేడు. ఏమంటావు?"

"అంతేగా మరి."

"రేపు అమ్మ ముందు తలెత్తుకుని నిలబడతాను."

జిగోకమ్మకి కళ్లు చెమర్చాయి. ఈ మనిషితో ముప్పై ఆరేళ్లు పడ్డ కష్టమంతా ఆ ఒక్క పూట తీరినట్టే అనిపించింది. ఖాళీ గిన్నె పట్టుకుని, ఎముక, ఎముక అని లోపల అనుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

*

కోడలు ఎండుచేపల తలలు సరిచేసి వెదురు పళ్లెంలో పేరుస్తోంది. ప్యో వారి అమ్మాయి. నాలుగో తరగతి దాకా చదువుకుంది, నెమ్మదస్థురాలు, అత్తగారి నోటికి ఎదురుచెప్పి ఎరగదు.

"మీ మామయ్యగారు గంజి తాగారు అమ్మాయ్. ఇంకో గిన్నె కాచు."

"మంచిదండి అత్తయ్యా."

"మంచిదండి అంటూ ఆ మొహమేమిటి? ఎవరో పోయినట్టు."

కోడలు చేతులు తుడుచుకుంది. ఎండుచేపలు చుట్టి వచ్చిన కాగితాన్ని మడత విప్పి నేల మీద పరిచింది. కచేరీ వాళ్లు పంచిన కరపత్రం అది. చేపనూనె మరకల మధ్య అక్షరాలు.

"మామయ్యగారు గెలిచారు అత్తయ్యా. మనమే..."

"మనమే?"

"ఇందులో ఉంది. ఒక ఇంటికి ఒకటే ఇంటిపేరట. ఇంటి యజమానిది ఏదైతే ఇంట్లో అందరిదీ అదేనట. కొత్త పేరు రాయించుకోకపోతే యజమాని పాత పేరే అందరికీ వర్తిస్తుందట. మామయ్యగారు గ్వాక్. ఎల్లుండి దాటితే నేనూ గ్వాక్‌నే. మీరూ గ్వాకే."

జిగోకమ్మ నవ్వింది. "నేను గ్వాక్ ఎలా అవుతానే? నేను యో. హామ్యాంగ్ ఊరి యో వారి ఆడపిల్లని. పెళ్లయితే ఆడదాని ఇంటిపేరు మారడం మన దగ్గర ఎక్కడన్నా ఉందా? ముసలిదాన్ని ఆటపట్టించకు."

కోడలు నవ్వలేదు.

"జపాను వాళ్ల ఆచారం అంతేనట అత్తయ్యా. పెళ్లయిందంటే పెళ్లానికి మొగుడి ఇంటిపేరే."

"మొగుడికీ పెళ్లానికీ ఒకటే ఇంటిపేరా!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక దాని రుచి తెలిసింది. జిగోకమ్మ బూడిదలో ఉమ్మింది.

ఇరవై ఏళ్ల కిందట ఈ ఊళ్లోనే ఒక గ్వాక్ పిల్లాడూ గ్వాక్ పిల్లా కలిసి పారిపోయారు. ఎన్నో తరాల దూరం వాళ్లది, ఎలా బంధువులో చెప్పడానికి ముసలాళ్లకే రెండు రోజులు పట్టింది. అయినా ఇంటిపేరు ఒకటే, సగోత్రం సగోత్రమే. అన్నాచెల్లెళ్లు ఒక పక్క మీద పడుకున్నారని ఊరు ఊరంతా వాంతి చేసుకున్నంత పని చేసింది. వాళ్ల అమ్మల్ని నీళ్ల రేవుకి రానివ్వలేదు. వంశవృక్షంలోంచి ఆ రెండు పేర్లూ కొట్టేశారు. కలం పట్టి కొట్టేసింది పెద్దాయనే.

ఆ రోజు ఆ అమ్మని రేవు నుంచి తరిమిన ఆడవాళ్లలో తనూ ఉంది.

"మున్‌హా!" అని అరిచింది జిగోకమ్మ. వంటింట్లోంచి ఆమె గొంతు అంత పైకి లేవడం కోడలు ఎప్పుడూ వినలేదు.

వాడు పెరటి బావి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. కరపత్రం చూడగానే తల దించేశాడు.

"నిజమేనా?"

"పాత ఇంటిపేరు పూర్తిగా పోదమ్మా. పట్టీలో పక్కన గడి ఉంటుంది. అందులో చిన్న అక్షరాలతో రాస్తారు."

"మూలన పెట్టేది చీపురుని రా."

"పట్టీలో ఏం రాస్తే ఏమిటి? నిన్ను జిగోకమ్మా అనే పిలుస్తారు కదా అందరూ."

"బతికుండగా పిలుస్తారు. చచ్చాక?"

వాడికి అర్థం కాలేదు. మగవాళ్లకి మూడు పేర్లుంటాయి, ముద్దుపేరు, బడిపేరు, పెద్దయ్యాక పెట్టుకునే పేరు. ఆడదానికి చచ్చాక పీఠం మీద పెట్టే కాగితంలో రాయడానికి ఒక్క పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. పైన గదిలో అత్తగారి కాగితం ఏడాదిగా ఉంది, మిర్యాంగ్ సోన్ వారి ఆడపడుచు అని. అంతే, అంతకుమించి ఒక్క అక్షరం లేదు. పోయేముందు ఆ ముసలావిడ జిగోకమ్మ చెయ్యి పట్టుకుని నవ్వింది. 'సోన్ అని సరిగ్గా రాయించవే. తప్పు రాస్తే నేను పక్కింటివాళ్ల పళ్లెం ముందు కూర్చుంటాను' అంది.

"దారి లేదా?" అంది జిగోకమ్మ. "చట్టం రాసినవాడు ఎక్కడో ఒక కంత వదిలే ఉంటాడు. నువ్వు గుమాస్తావి కదా, చెప్పు."

మున్‌హా అటూ ఇటూ చూశాడు.

"ఒకటుంది. కానీ అది... విడాకుల కాగితం. నాన్నగారి ముద్ర, నీ వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. ఎల్లుండి లోపల ఇస్తే నీ పేరు ఈ పట్టీలోంచి తీసేసి మీ పుట్టింటి పట్టీలో పెడతారు. మామయ్య కొడుకు కొత్త పేరు రాయించలేదు కాబట్టి అక్కడ యో అనే ఉంటుంది. అమ్మా, ఊరు నవ్విపోతుందమ్మా."

"కాగితం నీ సంచిలో ఉందా?"

"అమ్మా!"

"ఉందా లేదా?"

*

ముద్ర ఉప్పు జాడీలో ఉంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసింది. బావి దగ్గర కడిగి, కొంగుకి తుడిచి, గంజి గిన్నె పక్కన పళ్లెంలో పెట్టింది. దాని పక్కన కాగితం.

పెద్దాయన ముందు గిన్నె చూశాడు, తర్వాత ముద్ర చూశాడు. కాగితం చదివేసరికి కనుబొమలు కలిశాయి.

"ఏమిటిది?"

"ఎల్లుండి దాటితే నేను గ్వాక్ అవుతానట. మీకు తెలుసా?"

ఆయన కాగితం కింద పెట్టాడు. బయట కీచురాళ్లు అరుస్తున్నాయి. జిగోకమ్మ ఆయన మొహం చూస్తూ కూర్చుంది. తెలియదు అంటాడని, అయ్యో అంటాడని, కొడుకుని పిలిచి తిడతాడని చూసింది.

"తెలుసు," అన్నాడు చివరికి.

"ఎప్పటి నుంచి?"

"వసంతకాలంలో కాగితం వచ్చినప్పుడే చదివాను."

"చదివి నాకు చెప్పలేదేం?"

"చెప్పి ఏం చెయ్యమంటావు? ఇంటిపేరు నిలబెట్టడం ముఖ్యం. ఆడవాళ్ల సంగతంటావా, ముప్పై ఆరేళ్లుగా గ్వాక్ వారి అన్నం తింటున్నావు. పట్టీలో ఏం రాస్తే నీకేమిటి?"

కొడుకన్న మాటే. తండ్రి నోట కాస్త గంభీరంగా వచ్చింది, అంతే తేడా.

"అది ఎముక అన్నారు ఇందాక."

"మగవాడికి."

జిగోకమ్మ తన చేతుల కేసి చూసుకుంది. గోళ్ల సందుల్లో ఉప్పు మండుతోంది.

"ఇరవై ఏళ్ల కిందట ఆ పిల్ల పేరు మీరే కొట్టేశారు. గ్వాక్ పిల్ల గ్వాక్ పిల్లాడి పక్కలో పడుకుందని. పశువులన్నారు. ఆ కలం పట్టిన చేత్తోనే నన్ను మీకు చెల్లెల్ని చేస్తారా? మున్‌హాని ఎవరికి కన్నాను నేను? అన్నకి కన్నానా?"

"నోరు ముయ్యి! అమ్మ కర్మ ముందు రోజు ఏమిటీ అసహ్యపు మాటలు?"

"మాట అసహ్యంగా ఉందా? నాకు కాగితమే అసహ్యంగా ఉంది. ముద్ర వెయ్యండి. కాగితం మీదే కదా. వంట చేస్తాను, మీ బట్టలు ఉతుకుతాను, ఈ ఇంట్లోనే చస్తాను. నా పుట్టింటి పేరు నాకు వదిలెయ్యండి."

"గ్వాక్ వారి పెద్దింట్లో విడాకులా? దుఃఖంలో ఉన్న మనిషి పెళ్లాన్ని వదిలేశాడని పది ఊళ్లు చెప్పుకోవాలా? మా వాళ్ల ముందు తలెత్తుకోనా?"

"తలెత్తుకోవడానికి నాలుగు రోజులు పస్తున్నారు. మీ పేరు కోసం నాలుగు రోజులు. నా పేరు కోసం ఒక్క పూట ఉండండి."

ఆయన కాగితాన్ని మడిచాడు. ముద్రనీ కాగితాన్నీ చొక్కా ఎడమ చేతిలోకి దోపుకున్నాడు. ఒప్పుకున్నట్టా, దాచేసినట్టా, ఆ మొహంలో ఏమీ తెలియలేదు.

జిగోకమ్మ బయటికి వచ్చి తలుపు జారవేసింది. వసారాలో చెప్పులు వెతుక్కుంటూ ఒక్క క్షణం ఆగింది. లోపల చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు వినిపించింది. మళ్లీ తగిలింది. ఆయన గంజి తాగుతున్నాడు, ఆకలి మీద ఉన్నవాడు తాగినట్టు గబగబా తాగుతున్నాడు.

ఆ చక్రవర్తి ఎలా ఉంటాడో ఆమెకి తెలియదు. జపాను ఎటువైపుందో కూడా సరిగ్గా తెలియదు. కానీ ఆ చెంచా చప్పుడంత రోత ఆమెకి ఈ ఏడాదిలో ఇంకేదీ పుట్టించలేదు. కొడుకు తలనూనె కూడా.

*

తెల్లవారేసరికి ముంగిలి నిండిపోయింది. గ్వాక్ వారి చుట్టాలు నలభై మంది జనపనార బట్టల్లో, మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. పీఠం మీద అత్తగారి కాగితం, ముందు పళ్లు, ఎండుచేపలు, ఆవిరి వస్తున్న అన్నం. అన్నీ జిగోకమ్మే పేర్చింది. ఒక్క పండు కూడా తప్పు వరసలో లేదు.

పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. ఆమె కేసి చూడలేదు. చొక్కా ఎడమ చెయ్యి కొంచెం బరువుగా వేలాడుతోంది. చుట్టాలు ఆయన చిక్కిపోయిన మొహం చూసి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. పేరు కోసం ప్రాణం ఒడ్డాడు, మనవాళ్లలో ఒక్క మగాడు మిగిలాడు అని. ఆ మాటలు ఆయన చెవిన పడుతున్నాయి. వీపు ఇంకాస్త నిటారు అయింది.

"అయ్‌గో, అయ్‌గో," అని మొదట ఆయన ఏడిచాడు, వెంట అందరూ ఏడిచారు.

క్రమం చదివేది ఆయన చిన్నాన్న, డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం గంట. "మొదటి గిన్నె!" అన్నాడు. కోడలు జాడీ వంచింది. పెద్దాయన మోకరించి గిన్నె ఎత్తి, ముందు పెట్టి, వంగి దణ్ణాలు పెట్టాడు. మిర్యాంగ్ సోన్ వారి ఆడపడుచుకి కొడుకు గ్వాక్ హాన్‌ము విన్నవించుకుంటున్నాడని పత్రం చదివారు. ముంగిలంతా మళ్లీ ఏడ్చింది.

"రెండో గిన్నె!"

రెండో గిన్నె కొడుకు భార్య పొయ్యాలి. ఇంకెవరూ పొయ్యడానికి లేదు. మామగారు పోయినప్పటి నుంచీ ఈ ఇంట్లో ప్రతి కర్మలోనూ ఆ గిన్నె జిగోకమ్మదే. పురిటి మర్నాడు కూడా గోడ పట్టుకుని వచ్చి పోసింది.

ఆడవాళ్లలో మొదటి వరసలో ఉన్న జిగోకమ్మ కదిలింది. కానీ ముందుకి రాలేదు. వెనక్కి నడిచింది. కోడళ్లందరినీ దాటుకుంటూ వెళ్లి, చివర పెళ్లిళ్లయి వేరే ఇళ్లకి పోయిన ఆడపడుచులు నిలబడే చోట ఆగింది. హాప్‌చాన్‌లో ఇచ్చిన చిన్న ఆడపడుచు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

"వదినా, నిన్నే పిలుస్తున్నారు," అంది ఆడపడుచు గుసగుసగా, కొంగు లాగుతూ.

"నన్ను కాదు."

"రెండో గిన్నె!" అన్నాడు చిన్నాన్న మళ్లీ. ఈసారి గంట కొంచెం బీటలు వారింది. మగవాళ్ల వరసలో తలలు కదిలాయి. మున్‌హా మొహం తెల్లబోయింది.

పీఠం ముందు నిలబడ్డవాడు తల్లికి వీపు చూపించకూడదు. అది పసిపిల్లలకి కూడా తెలుసు. పెద్దాయన మెడ బిగబట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు. వెనక అడుగుల చప్పుడు వస్తుందని చూశాడు. రాలేదు. చివరికి వెనక్కి తిరిగాడు. తిరిగి, కోడళ్ల వరసంతా వెతికి, ఆడపడుచుల మధ్య ఆమెని చూశాడు.

జిగోకమ్మ తలవంచి మర్యాదగా నమస్కరించింది. ఆడపడుచు అన్నగారికి ఎలా చెయ్యాలో అలా. తర్వాత అందరికీ వినపడేలా అంది:

"అన్నయ్యా, మీ ఇంటావిడ్ని పిలవండి. రెండో గిన్నె ఆవిడ పొయ్యాలి."

ఎవరిదో చేతికర్ర నేల మీద పడింది. హాప్‌చాన్ ఆడపడుచు అమ్మో అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఒక ముసలావిడ కాండ్రించి ఉమ్మింది. ఎవరి మీద ఉమ్మిందో ఎవరికీ తెలియలేదు.

"ఏం మాటలే అవి!" అన్నాడు చిన్నాన్న. "ఒరేయ్ హాన్‌మూ, నీ పెళ్లానికి మతి పోయిందా?"

"రేపు దాటితే పట్టీలో నేనూ గ్వాక్‌నేనండి చిన్నాన్నగారూ," అంది జిగోకమ్మ. "అన్నయ్య చదివారు. వసంతకాలంలోనే చదివారు. అడగండి."

నలభై తలలు పెద్దాయన వైపు తిరిగాయి. కోడలు సారా జాడీ పట్టుకుని ఇంకా పీఠం పక్కనే నిలబడి ఉంది. చేతుల కేసి ఒకసారి చూసుకుంది. జాడీని మెల్లగా నేల మీద దించింది. మున్‌హా కేసి చూడకుండా నడిచి వచ్చి, అత్తగారి పక్కన నిలబడింది.

అన్నం మీద ఆవిరి తగ్గిపోతోంది. రెండో గిన్నె ఖాళీగానే ఉంది. తల్లికి వీపు చేసి నిలబడ్డ పెద్దాయన కుడిచెయ్యి చొక్కా ఎడమ చేతిలోకి పోయింది, ముద్ర ఉన్న చోటికి. అక్కడే ఆగిపోయింది.